ఎనిమిది గంటల చీకటి

మన కావ్యాలలో రాత్రికి దక్కిన గౌరవంలో సింహభాగం శరదృతువుదే. నన్నయ భట్టారకుని భారత రచన శరత్కాల రాత్రుల వర్ణన వద్దనే నిలిచిపోయిందని సాహితీ సంప్రదాయం చెబుతున్నది. వసంతానికి కోకిలను, వర్షర్తువుకు మేఘాన్ని, హేమంతానికి మంచును ఇచ్చిన కవులు గ్రీష్మానికి ఎండను, వడగాలిని, ఎండమావిని మిగిల్చారు. వేసవి రాత్రిని గురించి వారు చెప్పినదంతా వెన్నెల, మల్లెలు, చల్లని మేడల చుట్టూనే తిరుగుతుంది. వెన్నెల లేని వేసవి రాత్రిని, అంటే అమావాస్య నాటి ఆకాశాన్ని, మన వాఙ్మయం తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. ఆ లోటును ఇటీవలి కాలంలో తీరుస్తున్నవారు కవులు కారు. సొంత కెమెరాలు భుజాన వేసుకొని, ఊరి చివర పొలాల గట్ల మీద రాత్రంతా మేలుకొని, నక్షత్రాల ఛాయాచిత్రాలు తీసే ఔత్సాహికులు వారు.

వేసవి రాత్రి చిన్నదనీ, నక్షత్రాల పనికి చాలదనీ ఒక అపోహ ఉన్నది. పాశ్చాత్య దేశాల పుస్తకాలలో చదివిన మాటను మనకు అన్వయించుకోవడం వల్ల ఏర్పడిన అపోహ ఇది. లండన్ నగరంలో మే నెల చివరి నుండి జూలై మూడవ వారం వరకు రాత్రి ఏ వేళనూ ఆకాశం పూర్తిగా చీకటి పడదు. సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల దిగువకు చేరితేనే సంధ్యాకాంతి సంపూర్ణంగా తొలగుతుంది. అక్కడ ఆ రోజులలో అర్ధరాత్రి సైతం సూర్యుడు అంత లోతుకు దిగడు. నిజామాబాదు సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఇక్కడ సంవత్సరంలో అతి చిన్న రాత్రి అయిన జూన్ 21 నాడు కూడా ఎనిమిది గంటల గాఢమైన చీకటి లభిస్తుంది. డిసెంబరులో అది సుమారు పది గంటల ఇరవై అయిదు నిమిషాలు. తేడా రెండున్నర గంటల లోపే. మే నెల నడుమ రాత్రి ఎనిమిది దాటగానే సంధ్య ముగుస్తుంది, తెల్లవారుజామున నాలుగున్నరకు కాస్త ముందుగా వెలుగు మొదలవుతుంది. ఇది ఏ రైతుకూ తెలియని విషయం కాదు.

పైగా ఆ ఎనిమిది గంటలలో మన నెత్తి మీదుగా నడిచే ఆకాశం సామాన్యమైనది కాదు. పాలపుంత కేంద్రం ధనూరాశి దిశలో, వృశ్చికపు తోకకు సమీపంలో ఉన్నది. లండన్ నుండి చూసేవారికి అది క్షితిజం పైన తొమ్మిది పది డిగ్రీలకు మించి లేవదు. చెట్ల కొమ్మలలోనే కనబడీ కనబడక మునిగిపోతుంది. మనకు అది 42 డిగ్రీల ఎత్తు వరకు వస్తుంది. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిది దాటాక ఆగ్నేయాన ఉదయించి, రెండున్నర ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన నిలుస్తుంది. దానికి ముందే, రాత్రి తొమ్మిది గంటల వేళ, దక్షిణ దిక్కున నేలకు ఎనిమిది డిగ్రీల ఎత్తు మొదలుకొని నాలుగు నక్షత్రాల త్రిశంకు మండలం కనబడుతుంది. విశ్వామిత్రుని పట్టుదల వల్ల స్వర్గానికీ భూమికీ నడుమ వేలాడిన రాజు పేరు దానికి ఎంత చక్కగా అమరిందో, అంత తక్కువ ఎత్తులో దానిని చూసినవారికి తెలుస్తుంది. అశ్మక జనపదపు రాజధాని పోదనమే నేటి బోధన్ అని చరిత్రకారుల అభిప్రాయం. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకొంటున్నందున, ఆ పోదన ప్రజలకు త్రిశంకువు ఇంతకంటే బాగా ఎత్తుగా కనబడి ఉండాలి.

ఇక్కడ నక్షత్రాల పేర్లు తెలియనివారు లేరు. “రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి” అన్న సామెత వినని పల్లె ఉండదు. మృగశిర, ఆర్ద్ర అంటూ కార్తెలను లెక్కపెట్టుకొని విత్తనాలు చల్లే రైతుకు సంవత్సరమంతా నక్షత్రాల పేర్ల మీదుగానే గడుస్తుంది. కాని ఒక చిత్రమైన సంగతి గమనించండి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణీ నక్షత్రం వద్ద ఉన్న కాలం. మే నెలాఖరు నుండి జూన్ మొదటి వారం వరకు సాగే ఆ రోజులలో రోహిణి సూర్యకాంతిలో మునిగి ఉంటుంది కనుక కంటికి అసలు కనబడదు. మన నోట మారుమోగే నక్షత్రం ఆ సమయంలో మన ఆకాశంలో కానరాదు. ఆ రాత్రులలో కనబడేది దానికి దాదాపు సరిగ్గా ఎదుట ఉన్న జ్యేష్ఠ. ఎర్రగా, వృశ్చికం గుండె వద్ద, సాయంకాలం నుండి వేకువ దాకా వెలిగే తార అది. పూర్ణిమ నాటి చంద్రుడు ఆ నక్షత్రం దరి చేరుతాడు కనుకనే మాసానికి జ్యేష్ఠమని పేరు. పేరు నిలిచింది, చూడటం మాత్రం తప్పిపోయింది. ఛాయాచిత్రణ ఒక్కటే ఈ తరాన్ని మళ్ళీ చూసేటట్లు చేయగలదని నేను నమ్ముతున్నాను.

బోధన్ సమీప గ్రామం నుండి వచ్చే ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు కొన్నేళ్ళ క్రితం ఒక చిత్రాన్ని నాకు చూపించాడు. అన్న కెమెరాను ఇసుక నింపిన సంచి మీద ఆనించి, తమ పొలం గట్టు నుండి, ఆగ్నేయ దిక్కుగా రాత్రి పదకొండు గంటలకు తీసిన చిత్రం అది. “మబ్బు పట్టింది సార్, ఫోటో చెడిపోయింది” అన్నాడు. చిత్రంలో కింది నుండి పైకి వాలుగా పాకిన ఆ తెల్లని పొర మబ్బు కాదు, పాలపుంత. చిన్ననాటి నుండి ప్రతి వేసవిలోనూ డాబా మీద ఆ పాలపుంత కిందనే పడుకొన్న పిల్లవాడు దానిని ఎన్నడూ గుర్తించలేదు. చిత్రంలో ఎడమ మూల ఒక వెలుగు గోపురంలా లేచి ఉన్నది. “అటు చంద్రుడు వస్తున్నాడు” అని అతడు అనుకొన్నాడు. ఆనాడు అమావాస్య. చంద్రోదయానికి తావు లేదు. ఆ వెలుగు అతని పొలానికి తూర్పున పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న నిజామాబాదు పట్టణానిది.

పాలపుంతను మబ్బుగానూ, పట్టణపు దీపాలను చంద్రుడిగానూ భావించిన ఆ విద్యార్థిలో తప్పేమీ లేదు. అతడు పెరిగిన కాలం అటువంటిది. కాని ఆ ఒక్క చిత్రమే అతనికి రెండు సత్యాలు చెప్పింది. మన కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ తరువాత కూడా అది కాంతిని కూడబెట్టుకోలేదు, వచ్చినదానిని వచ్చినట్లే ఖర్చు చేస్తుంది. కెమెరా కూడబెడుతుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ బొట్టు బొట్టుగా కాంతిని పోగుచేస్తుంది. అందువల్ల నక్షత్రంతోపాటు, కంటికి అలవాటైపోయి పట్టించుకోని దీపాల వెలుగును కూడా అది దాచకుండా చూపిస్తుంది.

ఈ విద్యలోని సాధకబాధకాలను కొంత తెలుసుకోవాలి. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతున్నది కనుక కదలని కెమెరా ముందు నక్షత్రాలు గీతలుగా సాగిపోతాయి. సాధారణ కెమెరాకు 18 మిల్లీమీటర్ల లెన్స్ అమర్చినప్పుడు పదిహేను ఇరవై సెకన్లకు మించి షట్టర్ తెరిచి ఉంచరాదు. అందుకని పొట్టి చిత్రాలను అనేకం తీసి, కంప్యూటరులో ఒకదానిపై ఒకటి సరిగా పేర్చి, సగటు కడతారు. పదహారు చిత్రాలను అలా కలిపితే వాటిలోని గరుకుదనం నాలుగవ వంతుకు తగ్గుతుంది. భూభ్రమణాన్ని అనుసరించి కెమెరాను మెల్లగా తిప్పే యంత్రాలూ ఉన్నాయి. వాటి ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురి పెట్టాలి. ధ్రువుడు మన అక్షాంశమెంతో అంత ఎత్తులోనే, అంటే చాచిన చేతి పిడికిళ్ళు రెండు పేర్చినంత ఎత్తులోనే ఉంటాడు. మే నెల ధూళిలో అతనిని వెతుక్కోవడమే ఒక తపస్సు.

వేసవికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. కెమెరాలోని సెన్సర్ వేడెక్కిన కొద్దీ వెలుగు లేనిచోట కూడా లేని చుక్కలను పుట్టిస్తుంది. ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరిగేసరికి ఈ దోషం దాదాపు రెట్టింపవుతుంది. డిసెంబరు రాత్రికీ మే రాత్రికీ మధ్య మన ప్రాంతంలో పది పదిహేను డిగ్రీల తేడా సహజం. అనుభవజ్ఞులు లెన్స్‌కు మూత పెట్టి, అంతే కాలం షట్టర్ తెరిచి, వట్టి చీకటిని చిత్రాలుగా తీసి, ఆ చీకటిని అసలు చిత్రంలో నుండి తీసివేస్తారు. ఇక యాసంగి కోతల తరువాత కొయ్యకాళ్ళను, చెరకు ఆకును తగలబెట్టిన పొగ రోజుల తరబడి దక్షిణ క్షితిజాన్ని కప్పివేస్తుంది. సాయంత్రం గాలిదుమారం లేచి, నాలుగు చినుకులు రాలి, అర్ధరాత్రికి ఆకాశం తేటపడిన రోజు దొరికితే అది అదృష్టమే. జూన్ నడుమకు నైరుతి రుతుపవనాలు రానే వస్తాయి. ఇవన్నీ తీసివేయగా వైశాఖ బహుళంలో చివరి అయిదారు రాత్రులు మిగులుతాయి. వేసవి చిన్నదనిపించేది ఇక్కడే.

ఇలా అనేక చిత్రాలను కలిపి, రంగులను పైకి తెచ్చి చూపినది సత్యమా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మీరు అలంకారాలు చదువుకొన్నవారే కనుక ఆ పరిభాషలోనే సమాధానం చెబుతాను. ఉన్నదానిని ఉన్నట్లు, కాని సామాన్యుడు గమనించలేనంత సూక్ష్మంగా చెప్పడం స్వభావోక్తి. జింక పరుగును కవి వర్ణిస్తే మనం ఎన్నోసార్లు చూసిన జింకనే మొదటిసారి చూస్తాము. ఒకే రాత్రి, ఒకే చోటి నుండి, ఒకే దిక్కులో వచ్చిన కాంతిని కూడబెట్టిన చిత్రం స్వభావోక్తి. అందులోని ఎరుపు ఉదజని వాయువుది, నలుపు నక్షత్రాల నడుమ పరచుకొన్న ధూళిది. అవి అక్కడ నిజంగా ఉన్నాయి. డిచ్‌పల్లి రామాలయ గోపురం వెనుక వేరొక దేశపు ఆకాశాన్ని అతికించి, లేని వైభవాన్ని తెచ్చిపెట్టినది అతిశయోక్తి. అతిశయోక్తి కావ్యంలో గుణమే కావచ్చు, సాక్ష్యంలో మాత్రం దోషం. ఈ కళ విలువ దాని సాక్ష్యంలో ఉన్నదని భావించేవాడిని కనుక, అటువంటి చిత్రాలకు చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు.

తెలుగు నేలకు ఈ విద్య కొత్తది కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ధనంతో వేధశాలను నెలకొల్పాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఐరోపా శాస్త్రజ్ఞులు గుంటూరుకు వచ్చారు. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ వర్ణపటాన్ని పరిశీలించగా, టెనెంట్ అనే సైనికాధికారి బృందం అదే పట్టణం నుండి గ్రహణాన్ని ఫోటోలు తీసింది. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ప్రారంభించిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకాశమంతటినీ ఫోటో పలకల మీదికి ఎక్కించాలని 1887లో పారిస్ నగరంలో సంకల్పించిన మహాప్రయత్నంలో భాగం వహించిన భారతీయ వేధశాల అది ఒక్కటే. దక్షిణ అమెరికాలోని శాంటియాగో వేధశాల పూర్తిచేయలేకపోయిన భాగాన్ని హైదరాబాదు స్వీకరించింది. 1918లో బాధ్యతలు చేపట్టిన టి.పి. భాస్కరన్ కాలంలో లక్షల నక్షత్రాల స్థానాలను గాజు పలకల మీద కొలిచి, సంపుటాలుగా ప్రకటించారు. పలకలను తీయడం ఒక ఎత్తు. వాటి మీది ఒక్కొక్క చుక్కను సూక్ష్మదర్శినితో కొలిచి అంకెలు రాయడం మరొక ఎత్తు. ఆ రెండవ పనిలో సంవత్సరాలు గడిపిన ఉద్యోగుల పేర్లు మనకు గుర్తులేవు.

ఆ వేధశాల ఉద్యోగి కుమారుడుగా హైదరాబాదులో పెరిగిన వైణు బప్పు, ఉన్నత విద్య కోసం అమెరికా వెళ్ళి, 1949 జూలై 2న హార్వర్డులో తాను తీసిన పలక మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించాడు. జూలై మొదటి వారంలో అక్కడి రాత్రిలో గాఢమైన చీకటి నాలుగు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. మనకున్నదానిలో సగం.

ఆ నిజామియా కథలోని తరువాతి భాగం సంతోషకరమైనది కాదు. బేగంపేట చుట్టూ నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. కొత్త 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పవలసి వచ్చినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరాన్ని విడిచి చాలా దూరం వెళ్ళి జపాల్-రంగాపూర్ వద్ద చోటు వెదుక్కొన్నది. లక్షల నక్షత్రాలను లెక్కించిన నగరంలో నేడు రాత్రి డాబా ఎక్కితే పట్టుమని వంద చుక్కలు కనబడితే గొప్ప. నిజామాబాదు ఇంకా అంత దూరం వెళ్ళలేదు. అలీసాగర్ దాటి బోధన్ వైపు, అక్కడి నుండి త్రివేణీ సంగమమైన కందకుర్తి వైపు పోయిన కొద్దీ ఆకాశం నల్లబడుతూ ఉంటుంది. పట్టణపు కాంతి తూర్పున ఉండిపోతుంది కనుక, పదకొండు గంటలకు ఎడమ మూల ఇబ్బంది పెట్టిన వెలుగు, పాలపుంత కేంద్రం రెండున్నరకు దక్షిణానికి తిరిగేసరికి చిత్రంలో నుండి తొలగిపోతుంది. ఓపిక పట్టిన వారికి దక్కే లాభం అది. ఎంతకాలం దక్కుతుందన్నదే ప్రశ్న.

చీకటిని కాపాడాలని అనగానే, పల్లెవారిని వెనుకబాటులో ఉంచమంటున్నారా అన్న ఆక్షేపణ వస్తుంది. దానిని తేలికగా తోసివేయలేము. రాత్రి వంతు కరెంటు కోసం అర్ధరాత్రి లేచి, చెరకు తోటల గుండా బావి దగ్గరకు నడిచిన రైతులకు చీకటి అంటే పాము కాటు, విద్యుద్ఘాతం. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల విద్యుత్తు ప్రారంభమైనప్పుడు వారు పొందిన ఊరట చిన్నది కాదు. సాయంత్రం ట్యూషను ముగించుకొని ఇంటికి నడిచే ఆడపిల్లకు వీధి దీపం అవసరం. అలాగే బోధన్‌లో మరొక రకమైన చీకటి ఉన్నది. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ గానుగ కాలంలో రాత్రింబవళ్ళు వెలుగుతూ ఉండేది. 2015 డిసెంబరులో అది మూతపడటంతో శక్కర్‌నగర్ దీపాలు ఆరిపోయాయి, చెరకు స్థానంలో వరి వచ్చింది. ఆ చీకటిని చూసి ఏ నక్షత్ర ప్రియుడూ సంతోషించరాదు. మనుషులకు పని పోవడం వల్ల వచ్చే చీకటి మనకు అక్కరలేదు.

నేను ఆక్షేపించేది దీపాన్ని కాదు, దాని దిశను. దారి మీద పడవలసిన కాంతిలో కొంత భాగం పక్కలకు, పైకి పోతున్నది. ఆ భాగం వల్ల ఏ బాటసారికీ మేలు లేదు, పైగా కరెంటు ఖర్చు. దేశంలో 2015 నుండి వీధి దీపాలను పెద్దయెత్తున ఎల్‌ఈడీలకు మార్చారు. విద్యుత్తు ఆదా అయింది, సంతోషమే. కాని వాటిలో నీలి పాలు ఎక్కువగా ఉన్న తెల్లని కాంతి గాలిలో పాత సోడియం దీపపు పసుపు కాంతికంటే ఎక్కువగా చెదిరి, ఆకాశమంతా పరచుకొంటుంది. దీపానికి పైన కప్పు ఉండి, కాంతి వెచ్చని పసుపు రంగులో నేలకే పడితే, అదే దారి అంతే వెలుగుతుంది, కళ్ళలో పొడిచినట్లు ఉండదు, ఆకాశం మిగులుతుంది. కల్యాణ మండపాల ముందు మబ్బులలోకి తిప్పే వెలుగు స్తంభాలకు ఏ సమర్థనా నాకు తోచదు.

ఇది పండితుల గొణుగుడు మాత్రమే కాదు. 2011 నుండి 2022 వరకు ప్రపంచం నలుమూలల సామాన్య ప్రజలు పంపిన యాభై వేలకు పైగా పరిశీలనలను క్రోడీకరించిన శాస్త్రజ్ఞులు, ఆకాశపు కృత్రిమ కాంతి ఏటా పది శాతం చొప్పున పెరుగుతున్నట్లు 2023లో ప్రకటించారు. ఆ లెక్కన, పుట్టిననాడు 250 నక్షత్రాలు కనబడే చోట పెరిగిన శిశువుకు పద్దెనిమిదవ ఏట వంద మాత్రమే కనబడతాయి. పద్దెనిమిదవ ఏడు అంటే మీ వయస్సే. మరోవైపు, ఆర్మూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉత్తరంగా వెళ్తే నాగపూర్ దాటాక పెంచ్ అడవులు వస్తాయి. మహారాష్ట్రలోని ఆ పెంచ్ పులుల సంరక్షణ కేంద్రానికి 2024 జనవరిలో చీకటి ఆకాశపు ఉద్యానంగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. చుట్టుపక్కల పల్లెల దీపాలను ఆర్పివేయలేదు, కిందికి తిప్పారు.

అందుచేత ఈ కళను సెలవులలో కాలక్షేపంగా కాక, ఊరి లెక్కల పుస్తకంలో ఒక పద్దుగా చేపట్టమని విద్యార్థులకు నా సూచన. ఖరీదైన పరికరాలు లేకపోయినా ఫరవాలేదు. నేటి సెల్‌ఫోన్లలో చాలావాటికి రాత్రి చిత్రాలు తీసే సౌకర్యం ఉన్నది, ఇసుక సంచి ఎలాగూ దొరుకుతుంది. వైశాఖ అమావాస్యకు అటూ ఇటూ ఒక తేట రాత్రి, ఇద్దరు ముగ్గురు కలిసి, ఇంట్లో చెప్పి, కాళ్ళకు బూట్లు తొడుక్కొని, టార్చి లైటుకు ఎర్ర కాగితం చుట్టుకొని వెళ్ళండి. ఒక గట్టును, ఒక దిక్కును ఎన్నుకోండి. తేదీ, గంట, ఎక్స్‌పోజర్ ఎన్ని సెకన్లు, ఐఎస్ఓ ఎంత, ఆనాటి పొగ, ధూళి ఎలా ఉన్నాయి అన్నవి నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగు దిక్కులకూ నాలుగు చిత్రాలు తీయండి. మరుసటి ఏడు అదే గట్టు, అదే గంట, అదే ఎక్స్‌పోజర్. రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఎడమ మూలన ఉన్న నిజామాబాదు వెలుగు ఎంత పైకి పాకిందో స్కేలుతో కొలవండి. అది మునిసిపల్ కార్యాలయానికి పంపే విజ్ఞాపన పత్రానికి జత చేయదగిన కొలత.